ఎప్పుడూ ఆడని జట్టు

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మా సీనియర్ ఒకాయన స్టేటస్ పెట్టాడు: వాళ్ళ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కుర్రాడు 'ఆల్ కాన్ఫరెన్స్ ఫస్ట్ టీమ్'కి ఎంపికయ్యాడట. తార్నాకలో టీ తాగుతూ "ఆ టీమ్ మ్యాచ్ ఎప్పుడన్నా?" అని మెసేజ్ పెట్టాను. నవ్వే బొమ్మలు వరసగా పంపాడు. ఆ టీమ్ ఎప్పుడూ ఆడదట!

అక్కడ యూనివర్సిటీలు కాన్ఫరెన్సులుగా ఏర్పడి, చాలా మ్యాచ్‌లు తమలో తామే ఆడుకుంటాయి. 1896లో పుట్టిన బిగ్ టెన్ అలాంటిదే (పేరులో పదే గానీ, 2024 నుంచి అందులో 18 యూనివర్సిటీలు!). సీజన్ చివర కోచ్‌లు, కొన్నిచోట్ల విలేకరులు కూడా ఓట్లేసి ఒక్కో స్థానానికి మేటి ఆటగాళ్ళని ఎంచుతారు. ఫస్ట్ టీమ్, సెకండ్ టీమ్ అని ప్రకటిస్తారు. అంతే, అదొక జాబితా.

మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం విజ్జీ ట్రోఫీ. మన ఉస్మానియా సౌత్ జోన్‌లో ఉంది కదా, అలా ఒక్కో జోన్ యూనివర్సిటీల నుంచి ఏరిన క్రికెటర్లు తమ జోన్ తరఫున ఇందులో ఆడతారు. అక్కడ పేరొస్తే ఫొటో దిగితే చాలు, ఇక్కడ కిట్ బ్యాగు సర్దుకోవాలి.

ఇంతకీ విజ్జీ ఎవరంటే మన విజయనగరం రాజవంశీకుడే. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి కొట్టినవి 33 పరుగులు. లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేసిన టూర్ అది. ప్రతిభ చూసి ఏరిన జట్ల కప్పుకి ఆయన పేరేంటో, నాకైతే నవ్వొస్తుంది.

మళ్ళీ అమెరికాకి వద్దాం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఎన్ని గజాలో, ఎన్ని టచ్‌డౌన్లో లెక్కలుంటాయి. అతని మీదికి ఎవరూ దూకకుండా ముందు గోడలా నిలబడే ఐదుగురు లైన్‌మెన్ మాటేంటి? స్కోరు పట్టికలో వాళ్ళకి దాదాపు ఏమీ ఉండదు. వాళ్ళ పనితనం బాగా తెలిసేది ఎదురు నిలిచి ఓడినవాళ్ళకే. అందుకే ఎస్ఈసీ కాన్ఫరెన్స్‌లో ఉన్న ఒక నియమం నాకు భలే నచ్చింది: కోచ్‌లు తమ సొంత ఆటగాళ్ళకి ఓటెయ్యకూడదు.

మొన్న మా ఇంటర్ బ్రాంచ్ క్రికెట్‌లో దీన్నే పెట్టి చూశాం. క్యాంపస్ గ్రౌండ్‌లో ఫైనల్ అయ్యాక ప్రతి కెప్టెనూ తన జట్టుని వదిలేసి పదకొండు పేర్లు రాయాలన్నాం. ఎక్కువ పరుగులు కొట్టినవాడే అందరి చీటీల్లోనూ ఉంటాడనుకున్నా. కాదు. ఓటు వేయగలిగిన ప్రతి కెప్టెనూ రాసిన ఒకే ఒక్క పేరు సివిల్ వాళ్ళ వికెట్‌కీపర్‌ది. టోర్నీ మొత్తంలో వాడు కొట్టినవి తొమ్మిది పరుగులు. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ జాబితా అతికిస్తే, వాడు ఫొటో తీసి ముందు వాళ్ళ నాన్నకి పంపాడు.

"మరి మ్యాచ్ ఎప్పుడురా?" అని ఆయన అడిగాడట.