హెచ్‌ఐవి, మతిమరుపు

మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసేవారు చదివిన మెయిలే మళ్లీ చదువుతుంటే నైట్ షిఫ్టు అలసటే అనుకుంటాం. హెచ్‌ఐవి ఉన్నవారి విషయంలో అలా వదిలేయకూడదని మా మనవి.

ఈ వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే మెదడుకు చేరుతుంది. నాడీకణాల జోలికి నేరుగా పోదు. మెదడుకు కాపలా కాసే కణాల్లో దాగి వాపు పుట్టిస్తుంది. అందుకే ముందుగా తగ్గేది ఆలోచనా వేగం, ఏకాగ్రత. మనుషులను బాగానే గుర్తుపడతారు కనుక ఇంట్లోవారు పసిగట్టరు.

ఏఆర్‌టి మందులు (గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో ఉచితం) మానకుండా వాడేవారిలో తీవ్రమైన మతిభ్రంశం ఇప్పుడు అరుదు. తేలికపాటి మందకొడితనం కొందరిలో మిగలవచ్చు. దిగులు, థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. కాబట్టి డాక్టరు దగ్గర దాచకండి.

ఉద్యోగం పోతుందన్న భయమా? 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, హెచ్‌ఐవి ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసేయకూడదు.