కిట్టు సర్కారుది, సాయంత్రం ఇంటిది: ఒక డ్రిల్లు సారు అనుభవ పాఠాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బళ్లలో డ్రిల్లు సారుగా చేసి రిటైరైనవాణ్ని. ఢిల్లీలో యువజన వ్యవహారాలకూ క్రీడలకూ కలిపి ఒకే మంత్రిత్వ శాఖ ఉంది. దాని పేరులో కుటుంబం మాట లేదు. పిల్లోడు గ్రౌండుకు వచ్చేదీ రానిదీ మాత్రం మా సీమలో ఇంట్లోనే తేలుతుంది. నా తర్వాత విజిలు పట్టుకునేవాళ్లకు పనికొస్తాయని ఈ మాటలు రాస్తున్నా.

1. పథకం పేరు కంటే ముందు స్థలం చూసుకో.
2008లో కేంద్రం ‘పైకా’ పథకం తెచ్చి, పంచాయతీకో ఆటస్థలం అంది. 2014లో అదే రాజీవ్ గాంధీ ఖేల్ అభియాన్ అయింది. తర్వాత ఖేలో ఇండియాలో కలిసిపోయింది. 1972లో పుట్టిన నెహ్రూ యువ కేంద్రాలు ఇప్పుడు మేరా యువ భారత్ పేరుతో నడుస్తున్నాయి. పేర్లు అట్లా మారుతూనే ఉంటాయి. ఊరికి గ్రౌండుందని రికార్డులో ఉందా, లేదా? కంపచెట్లు కొట్టించి, రాళ్లేరి, సున్నం గీత గీసి పెట్టుకున్న ఊళ్లో ఏ పథకమైనా నిలబడుతుంది. లేని ఊళ్లో కిట్టు బీరువాలో మగ్గుతుంది.

2. టోర్నమెంటు పండగ, ప్రాక్టీసు సంసారం.
2023 డిసెంబర్ 26న ‘ఆడుదాం ఆంధ్ర’ మొదలై 2024 ఫిబ్రవరి దాకా నడిచింది. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పోటీలు గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి రాష్ట్రం దాకా పెట్టారు. పదిహేనేళ్లు నిండిన ఆడా మగా అందరూ ఆడొచ్చన్నారు. జనం బాగా కదిలారు. అయితే ఏ పండగకైనా మర్నాడు ఒకటుంటుంది. ఆ సాయంత్రం గ్రౌండుకు ఎవరొచ్చారో చూసుకో. నీ టీము వాళ్లే.

3. మాటల్లేని ఇళ్ల పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టు.
మా పక్క పార్టీల గొడవలు అందరికీ తెలిసినవే. వాటికి నా దగ్గరున్న మందు కబడ్డీ. కూతకొచ్చినోణ్ని పట్టాలంటే మూలన ఉన్న కార్నరూ, వాని పక్కోడూ చేతులు పట్టుకుని కదలాలి. ఒకడు ముందుకు దూకి ఇంకొకడు వెనక్కి జంకితే పాయింటు పోతుంది. మాటల్లేని రెండిళ్ల పిల్లల్ని కావాలనే ఆ రెండు చోట్లా పెట్టేవాణ్ని. మొదట వేళ్ల కొసలు తగిలించుకునేవాళ్లు. వరసగా పాయింట్లు పోయేసరికి మణికట్లు బిగించి పట్టుకునేవాళ్లు. దాంతో పెద్దోళ్లు రాజీ పడిపోయారని చెప్పను. పిల్లలు మాత్రం బజారులో ఎదురైతే మొగం తిప్పుకోవడం మానేశారు.

4. ఆట వేళ ఊరి పనిని బట్టి పెట్టు.
ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లలో, గుడ్డల అంగళ్లలో పనిచేసే పిల్లలకు సాయంత్రం ఖాళీ ఉండదు. వాళ్లకు తెల్లారుజామునే ఆట. పులివెందుల పక్క చీనీ తోటల్లో పొద్దున్నే పనులుంటాయి, అక్కడ సాయంత్రమే మేలు. ఇక మే నెలలో మన కడప ఎండకు ఎనిమిదిన్నరకల్లా గ్రౌండు ఖాళీ చేయాల్సిందే.

5. ఆడపిల్ల ఆడాలంటే ముందు అవ్వను ఒప్పించు.
“ఏం సారూ, ఆడపిల్ల నిక్కరేసుకోని ఊళ్లో తిరగాల్నా?”
“నిక్కరొద్దులేవ్వా, ట్రాకు ప్యాంటు ఏసుకుంటాది. పొద్దుగూకకముందే నేనే తెచ్చి ఇడుస్తా.”
మన వీరపునాయునిపల్లె మండలం పిల్ల శ్రీచరణి 2025 నవంబర్‌లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. ఆమె పేరెత్తితే ఇప్పుడు సగం పని అయిపోతుంది. మిగతా సగం, చెప్పిన వేళకు పిల్లను ఇంటికి చేర్చడం.

6. హాస్టలుకు పంపే ముందు బిడ్డను అడుగు.
కడప పుట్లంపల్లెలోని డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికి పిల్లల్ని ఎంపిక చేసుకుంటారు. ఆ వయసులో అమ్మ పక్కన పడుకునే బిడ్డ అది. పరుగు బాగున్నంత మాత్రాన సరిపోదు, ఇల్లు వదిలి ఉండగలదా అన్నదీ చూడాలి. చేర్పించాక చూడబోయినప్పుడు “ఎన్ని మెడల్సొచ్చినాయి?” అనకుండా “అన్నం సరిగ్గా తింటున్నావా?” అని అడగాలి.

7. ఉద్యోగం ఆశ చూపి ఆడించొద్దు.
2024లో రాష్ట్రం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. మంచిదే. కానీ ఆ గడప దాటేది ఎందరు? ఆడినోళ్లలో ఎక్కువమంది సేద్యంలోకో అంగడిలోకో పోతారు. ఓడినా చేయి కలిపి, ఇంటికొచ్చి కుదురుగా అన్నం తినగలిగితే ఆట వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చినట్టే.

8. నాయనలూ, చిన్నాయనలూ, మామలూ గ్రౌండుకు రావాలి.
క్రమశిక్షణ గురించి ఇంట్లో గంటసేపు చెప్పే బదులు గట్టు మీద కూర్చుని పిల్లోని ఆట చూడండి. నెట్టు కట్టేటప్పుడు ఒక కొస పట్టుకోండి. రిటైరైన నాలాంటోళ్లు ఊరికొకరు వస్తే, మే నెల ఆటల శిబిరానికి ఉత్తర్వు అందేదాకా ఎవరూ కాచుకోనక్కర్లేదు.