జిగ్‌సా రంపము – తగిన బ్లేడు నెన్నుకొనుట

ప్రాణహిత యొడ్డున నున్న మన సిరొంచకు టేకు కొత్తది కాదు. ఆలాపల్లి అడవుల టేకు తలుపులై, దూలములై, మంచములై మన యిండ్ల నిలిచి యున్నది. ఉలి, బాడిస, చిత్రిక అను మాటలను మన పిల్లలు తాతల నోట విన్నవారే. బజారులో నా పిల్లలే రంపమును ‘కరవత్’ అనియు, చిత్రికను ‘రంధా’ అనియు విందురు. రెండు మాటలును వారికి రావలెను. ఒకటి వచ్చుటకై రెండవది పోనక్కరలేదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కాని భాష పుస్తకమునందే యుండిన చాలదు, పనిలోను పలుకవలెను. అందుచే నొక పనిముట్టును గూర్చి తల్లిదండ్రులతో ముచ్చటింప దలచితిమి.

ఈ యంత్రము పుట్టుక చిత్రమైనది. 1946లో స్విట్జర్లాండునందు సింటిల్లా సంస్థలో పనిచేయుచుండిన ఆల్బర్ట్ కౌఫ్‌మన్ కుట్టుమిషనులో సూదికి బదులు రంపపు బ్లేడును బిగించి చూచెనట. సూది వలెనే బ్లేడు క్రిందికి మీదికి ఆడును. కావుననే వంపులను, గుండ్రములను కోయుటకు జిగ్‌సా అనువైనది.

పని చెడుట, చక్కబడుట బ్లేడునందే యున్నది. మొదట పండ్లను లెక్కింపుడు. అంగుళమునకు 6 మొదలు 8 పండ్లున్నవి దళసరి కొయ్యను త్వరగా కోయును గాని అంచు గరుకగును. 10 మొదలు 14 వరకున్నవి నునుపుగా కోయును. ఇనుప రేకునకు 21 మొదలు 24 పండ్లు వలయును. కారణ మేమనగా, రేకు దళసరిలో కనీసము రెండు పండ్లైన నానుకొని యుండవలెను. 3 మిల్లీమీటర్ల రేకునందు 24 పండ్ల బ్లేడునకు దాదాపు మూడు పండ్లు పడును. 8 పండ్ల దానికి ఒక్కటియు పూర్తిగా పడదు. అప్పుడు పన్ను రేకునకు తగులుకొని విరుగును. ఈ లెక్కను పిల్లలచేతనే చేయింపుడు.

సన్నని బ్లేడు వంపునకును, వెడల్పైనది తిన్నని కోతకును తగును. సాధారణపు బ్లేడు మీదికి లేచునపుడు కోయును గనుక పెచ్చులు పై ముఖమున లేచును. అందుచే ప్లైవుడ్ యొక్క మంచి ముఖమును క్రిందికి త్రిప్పి యుంచవలెను. పై ముఖమే చక్కగా నుండవలె నన్నచో పండ్లు తలక్రిందులుగా నున్న బ్లేడు కలదు. టేకునందు ఇసుక జాతి సిలికా యుండుటచే బ్లేడు త్వరగా మొద్దుబారును. అట్టి కొయ్యకు మామూలు ఉక్కు కంటె బైమెటల్ బ్లేడు మన్నును. కోత మెల్లగా సాగినను, పొగ వాసన వచ్చినను బ్లేడు మార్చవలెనే గాని యంత్రమును నెట్టరాదు. నెట్టినచో బ్లేడు వంగి కోత వాలిపోవును.

ఇక భద్రత. బ్లేడు మార్చుటకు ముందు ప్లగ్గు తీయవలెను. కొయ్యను చేతితో గాక బిగింపుతో పట్టింపవలెను. బ్లేడు కొన కొయ్య క్రిందికి దిగి యాడుచుండును గావున చేయి క్రింద నుంచరాదు. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ తప్పవు. టేకు పొట్టు కొందరికి చర్మమున దురదను, శ్వాసకు బాధను కలిగించును. చిన్న పిల్లలకు చేతి రంపమే చాలును. యంత్రమును పెద్దలు పట్టగా వారు ప్రక్కన నిలిచి చూడవలెను.

చూచుచున్న పిల్లవానిని, పిల్లదానిని పండ్లు లెక్కింపు మని తెలుగున నడుగుడు. పని నేర్చిన చేతికి మాటయు నిలుచును.