ట్యాంకు మూతలోని చిన్న రంధ్రం

మోటారు సైకిలు, ట్రాక్టరు, పాతకాలపు స్పోర్ట్స్ కారు, పొలంలో నీళ్ళు తోడే డీజిలు ఇంజను, ఇవన్నీ వేర్వేరు యంత్రాలు. కాని వీటన్నిటి ట్యాంకులకూ ఒక నియమం సమానమే. ఇంధనం బయటికి పోవడానికి ఒక దారి ఉన్నట్లే, గాలి లోపలికి రావడానికి మరొక దారి ఉండాలి. అది మూత మీద సూదిమొనంత రంధ్రం కావచ్చు, ట్యాంకు పైభాగాన్నుంచి కిందికి దిగే సన్నని గొట్టం కావచ్చు. దాన్ని మూసివేస్తే ఏమవుతుందో నేను పుస్తకంలో కంటె ముందు మా పొలంలోనే చూసినాను.

మాది నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచ. మంజీర దగ్గర మాకు కొద్దిపాటి వరి పొలం ఉంది. అక్కడికి కరెంటు తీగ లేదు గనుక 5 హార్సుపవర్ డీజిలు ఇంజనుతోనే నీళ్ళు పారించుకొంటాము. ఒక ఏడు యాసంగిలో వరి పొట్టకొచ్చిన సమయాన ట్యాంకు మూత ఎక్కడో పడిపోయింది. దుమ్ము పడకూడదని మా నాయిన ట్యాంకు మూతికి మందపాటి పాలిథిన్ కవరు కప్పి, సైకిలు ట్యూబు ముక్కతో గట్టిగా బిగించి కట్టినాడు.

మరునాటినుంచి ఇంజను మొరాయించసాగింది. పది నిమిషాలు నడిచేది, ఆగేది. కాసేపు ఊరుకొని తిప్పితే మళ్ళీ నడిచేది. మెకానిక్ వచ్చి ఫిల్టరు మార్చిపోయినాడు. అయినా అదే తంతు. నాలుగు రోజుల్లో మడి నెర్రెలు బాసింది. పొట్టదశలో నీరందకపోతే గింజ తాలుపోతుందని రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు.

"డీజిల్ నిండ పోసినంక ఇంకా జల్దీ ఆగుతుందిరా. గిదేం తమాషా?" అన్నాడు నాయిన.

ఆ మాటే నన్ను ఆలోచింపజేసింది. దగ్గరికి పోయి చూస్తే పాలిథిన్ కవరు ట్యాంకులోకి గుంజుకొనిపోయి గిన్నెలాగా ఉంది. కట్టు విప్పగానే బుస్సుమని గాలి లోపలికి దూరింది. తిప్పితే ఇంజను అందుకొని సాయంత్రందాక ఆగలేదు.

ఇందులోని సూత్రం మనకందరికీ తెలిసిందే. 1643లో టారిసెల్లి ఊహించిన ప్రయోగంలో వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టింది. పాదరసం కంటె డీజిలు ఎంతో తేలిక గనుక అదే పీడనం సుమారు పన్నెండున్నర మీటర్ల డీజిలును నిలబెట్టగలదు. మా ట్యాంకులో డీజిలు మట్టానికీ, కింద ఇంజనులోని పంపుకూ మధ్య ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకొందాము. అంటే ట్యాంకులోని గాలి పీడనం నూటికి రెండున్నర వంతు తగ్గితే చాలు, డీజిలు తనంతట తాను కిందికి దిగడం ఆగిపోతుంది.

ఇప్పుడు 1662లో బాయిల్ ప్రకటించిన నియమాన్ని కలపండి. ట్యాంకు నిండుగా ఉండి, పైన 1 లీటరు గాలి మాత్రమే ఉందనుకొందాము. ఆ గాలి రెండున్నర శాతం వ్యాకోచించాలంటే 25 మిల్లీలీటర్ల డీజిలు దిగితే సరిపోతుంది. అదే ట్యాంకు సగానికి వచ్చి, పైన 5 లీటర్ల గాలి ఉండి, ఎత్తు 15 సెంటీమీటర్లే అయితే సుమారు 60 మిల్లీలీటర్లు దిగినాక గాని ఆగదు. నిండుగా పోసినప్పుడే ఇంజను తొందరగా ఎందుకు ఆగిందో ఇప్పుడు తేలిపోయింది గదా! అంత చిన్న ఇంజను గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. కట్టు సందుల్లోంచి కొంత గాలి దూరడంవల్ల, పాలిథిన్ సాగడంవల్ల మాది పది నిమిషాలైనా నడిచింది. ఆగినాక మెల్లగా మరికొంత గాలి చేరేది గనుక మళ్ళీ అందుకొనేది.

పెట్రోలు సంగతి ఇంకా చిత్రమైనది. అది ఎండకు త్వరగా ఆవిరవుతుంది, పొంగుతుంది కూడా. 10 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. కనుక అక్కడ గాలిదారి లోపలికి గాలిని రానివ్వడమే గాక ఆవిరిని బయటికి పోనివ్వాలి. పాత స్పోర్ట్స్ కార్లలో ట్యాంకు తరచు వెనుక డిక్కీలోనో, దాని పక్కనో ఉంటుంది. ఆవిరి కారు లోపల చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అలాంటి కార్లను బాగుచేసేవారు గాలిగొట్టాన్ని ట్యాంకు కంటె ఎత్తుకు తీసుకొనిపోయి, వంపు తిప్పి, కారు బయటికి వదలుతారు. కారు బోర్లాపడినా పెట్రోలు కారకుండా గొట్టంలో ఒక కవాటం కూడా పెడతారు.

పూర్వం ఆ ఆవిరి అంతా గాలిలో కలిసేది. అమెరికాలో మొదట కాలిఫోర్నియా 1970 మోడలు కార్లతో, తరువాత దేశమంతటా 1971 మోడలు కార్లతో దీన్ని అరికట్టే నియమం వచ్చింది. ఆవిరిని బొగ్గు నింపిన డబ్బాలోకి పంపితే బొగ్గు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు దాన్ని తిరిగి పీల్చుకొని కాల్చుకొంటుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 పెట్రోలు బండ్లలోనూ ఈ డబ్బా ఉంటుంది.

ఇక మన ఊళ్ళలో చేయదగిన పని చెబుతాను. బండిగాని, ఇంజనుగాని నడిచి నడిచి ఆగుతూ ఉంటే, చల్లారినాక మెల్లగా మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తరువాత సక్రమంగా నడిస్తే దోషం గాలిదారిలోనే ఉన్నదన్నమాట. మూతను విప్పి, దూరంగా తీసుకొనిపోయి రంధ్రంలోని మట్టి తీయండి. దగ్గర బీడీగాని, దీపంగాని వద్దు. మూత పోతే పాలిథిన్ కట్టకండి. కొత్త మూత వచ్చేదాక డీజిలు ట్యాంకుకు శుభ్రమైన పలుచని గుడ్డ కట్టితే దుమ్ము చాలావరకు ఆగుతుంది, గాలి ఆడుతుంది. కొత్త పెట్రోలు బండ్ల మూతకు మాత్రం సొంతంగా బెజ్జం వేయకండి. గొట్టాలు మూసుకొన్నాయేమో మెకానిక్ చేత చూపించండి.

ఆ ఏడు మా పొలంలో ఒక మూల గింజ తాలుపోయింది. మిగిలింది దక్కింది. కొత్త మూత కొనడానికి ఖేడ్ పోయినప్పుడు నాయిన దాన్ని ఎండకెత్తి, రంధ్రంలోంచి వెలుగు కనిపించినాకనే దుకాణదారుకు పైసలిచ్చినాడు.