ఊళ్లో ఎడిటర్ బావకి గ్రాఫిక్స్ కార్డు పంపుతున్నారా? పాత ప్రీమియర్‌కి దాన్ని ఇలా పరిచయం చేయండి



రావివలస ఎండల మల్లికార్జునస్వామి కార్తీక సోమవారం వీడియోలు పెట్టిన ప్రతిసారీ, స్వామి గురించిన ప్రశ్నలతో పాటు ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తోంది. "మా బావకి టెక్కలిలో వీడియో స్టూడియో ఉంది. నా గేమింగ్ పీసీ మార్చుకున్నాక పాత గ్రాఫిక్స్ కార్డు వాడికి పంపాను. పెట్టాడు కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని అసలు పట్టించుకోవట్లేదు. కార్డు పాడైపోయిందా?" టెక్కలి బదులు పలాస, సోంపేట, కవిటి అని ఊరు మారుతుంది, బావ బదులు అన్నయ్యో చిన్నాన్నో అవుతారు. సంగతి మాత్రం ఒక్కటే. అందుకే ఈసారి పాఠం పురాణం మీద కాదు, దీని మీద.

కార్డు పాడవలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి మీ కార్డు పేరు తెలియదు, అంతే.

ముందు, "ఇంకా ఆ పాత సాఫ్ట్‌వేర్ ఎందుకు, కొత్తది వేసుకోవచ్చు కదా" అని బావని విసుక్కోకండి. ఆయన దగ్గర ఉన్నది ఒకసారి డబ్బు కట్టి కొనుక్కున్న అడోబీ ప్రీమియర్ సీఎస్6. నెలనెలా కట్టే పని లేదు. తెలుగు టైటిల్స్ అన్నీ అను ఫాంట్లలో ఉంటాయి. ఆ కాలపు టైటిల్ టూల్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే ఒత్తులు ఊడిపోయి పక్కన పడేవి కాబట్టి అందరూ అనుకే అలవాటు పడ్డారు. ఇంకో సంగతి కూడా ఉంది. పాత ప్రాజెక్టుని కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేస్తే, అది మళ్ళీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు.

ఆ పాత ప్రాజెక్టుల్లో ఏముందో ఒక్కసారి ఆలోచించండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. అంతకుముందు తీసిన జాతర వీడియోల్లో, ఊరేగింపు వెనకాల ఆ తోటలు నిలబడి కనిపిస్తాయి. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న మనకి అది ఊరి జ్ఞాపకం. అవన్నీ ఇప్పటికీ ఏదో ఒక స్టూడియో హార్డ్‌డిస్క్‌లో, సీఎస్6 ప్రాజెక్టులుగానే ఉన్నాయి. వాటిని మళ్ళీ తెరిచి శుభ్రంగా బయటికి తీయాలంటే ఆ పాత సాఫ్ట్‌వేరే బాగా నడవాలి.

ఇక అసలు విషయం. 2010లో ప్రీమియర్ సీఎస్5తో మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ వచ్చింది. కొన్ని పనులు ప్రాసెసర్ మీద పెట్టకుండా, ఎన్విడియా కార్డులోని క్యూడా ద్వారా గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించడం దాని పద్ధతి. అయితే అడోబీ వాళ్ళు తాము పరీక్షించిన కార్డులకే అనుమతి ఇచ్చారు. మొదట్లో జీటీఎక్స్ 285, కొన్ని ఖరీదైన క్వాడ్రో కార్డులు, అంతే. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడు కార్డు పేరుని ఒక జాబితాతో పోల్చి చూస్తుంది. పేరు ఉంటే లోపలికి, లేకపోతే బయటే. కార్డు శక్తి ఎంతో అడగదు. అభిషేకం టికెట్ల లిస్టులో మీ పేరు లేకపోతే, మీరు ఎంత దూరం నుంచి వచ్చారన్నది గుమస్తాకి అనవసరం కదా, అలాగన్నమాట. సీఎస్6 తర్వాత పుట్టిన కార్డు ఆ లిస్టులో ఎలా ఉంటుంది? 2013లో సీసీ వెర్షన్ వచ్చాక ఈ పట్టింపు సడలింది. తగినంత మెమరీ ఉంటే చాలు, ఒక హెచ్చరిక చూపించి ఎంచుకోనిస్తుంది. కాబట్టి తిప్పలన్నీ సీఎస్5, 5.5, 6 వాడేవాళ్ళకే.

ఆ జాబితా మామూలు నోట్‌ప్యాడ్ ఫైల్. సీ డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, అడోబీ, ప్రీమియర్ ప్రో ఫోల్డర్ వరకు వెళ్తే అందులో క్యూడా సపోర్టెడ్ కార్డ్స్ అనే టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. పక్కనే జీపీయూ స్నిఫర్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంటుంది. బావని ఫోన్‌లో పెట్టుకుని ముందు ఆ స్నిఫర్‌ని కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపించమనండి. డబుల్ క్లిక్ చేస్తే విండో కనపడినట్టే కనపడి మాయమవుతుంది. అది కార్డు పేరు చెప్తుంది, పేరున్న జాబితాతో సరిపోలలేదు కాబట్టి ఎంచుకోలేదని కూడా చెప్తుంది. జబ్బు అదేనని అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఆ టెక్స్ట్ ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసి, ఇంకో కాపీ వేరే చోట భద్రంగా పెట్టి, చివర్లో కొత్త లైను మీద కార్డు పేరు చేర్చాలి. స్నిఫర్ ఎలా చూపించిందో అలాగే, పెద్దక్షరం చిన్నక్షరం, మధ్య ఖాళీలు అన్నీ యథాతథంగా. పెట్టె మీద ఉన్న పేరు చూసి రాయకండి. సేవ్ చేసి పాత ఫోల్డర్‌లో తిరిగి పెట్టేటప్పుడు విండోస్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, ఇవ్వాలి. తర్వాత ప్రీమియర్ తెరిచి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద రెండరర్ దగ్గర చూస్తే ఇన్నాళ్ళూ బూడిద రంగులో పడి ఉన్న జీపీయూ యాక్సిలరేషన్ ఇప్పుడు ఎంచుకోవడానికి వస్తుంది. పాత ప్రాజెక్టులు "సాఫ్ట్‌వేర్ ఓన్లీ"తో సేవ్ అయి ఉంటాయి కాబట్టి, వాటిని తెరిచిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి.

ఇది క్రాక్ చేయడం కాదు, ఎవరి లైసెన్సూ దాటడం కాదు. కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక పేరు చేర్చడమే.

ఒక మెలిక మాత్రం ఉంది. కొత్త డ్రైవర్లలో కార్డు పేరు ముందు ఎన్విడియా అనే మాట కూడా చేరి వస్తుంటుంది. ఇవాళ పని చేసి, డ్రైవర్ అప్‌డేట్ అయిన మర్నాడు మళ్ళీ బూడిద రంగులోకి పోయిందంటే కంగారు పడక్కర్లేదు. స్నిఫర్ మళ్ళీ నడిపి, కొత్త పేరు ఇంకో లైనులో రాస్తే సరి.

దీనివల్ల లాభం ఎక్కడో రావివలస వీడియోతోనే చెప్తాను. అక్కడ స్వామికి పైకప్పు లేదు, ఎండలోనే ఉంటాడు, అందుకే ఎండల మల్లన్న. కెమెరా మనిషికి ఇది పరీక్షే. లింగం మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, కింద వరుసలో నిలబడ్డ భక్తుల ముఖాల మీద నీడ. దాదాపు ప్రతి క్లిప్‌కీ త్రీవే కలర్ కరెక్టర్ వేయాల్సి వస్తుంది. కార్డు లేకపోతే టైమ్‌లైన్ పైన ఎర్ర గీత పడుతుంది, ప్లే చేస్తే ముక్కలు ముక్కలుగా ఆగుతుంది, ఎడిటర్ ప్రతిదానికీ రెండర్ కొట్టి కూర్చుంటాడు. కార్డు పని మొదలుపెడితే గీత పసుపు అవుతుంది, రంగు మారుస్తుంటే అప్పటికప్పుడే కనిపిస్తుంది. క్రాస్ డిసాల్వ్‌లు, ఓపాసిటీ, పెద్ద ఫ్రేముని చిన్నది చేయడం, ఇవన్నీ కార్డు మీదకి వెళ్తాయి. సోమవారం రాత్రికి వీడియో పెట్టాలన్న తొందరలో ఉన్నవాడికి ఇది చాలా పెద్ద తేడా.

కానీ బావకి అతిగా ఆశ పెట్టకండి. చివర్లో ఎంపీ4 ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే హెచ్.264 పని సీఎస్6లో ప్రాసెసర్‌దే. ఎన్విడియా కార్డులోని ఎన్‌కోడర్‌ని ప్రీమియర్ వాడుకోవడం 2020 మేలో వచ్చిన 14.2 వెర్షన్‌తోనే మొదలైంది. వార్ప్ స్టెబిలైజర్ చేసే లెక్కలు కూడా ప్రాసెసర్ మీదే. ఎఫెక్టులేమీ లేని సాదా పెళ్ళి క్యాసెట్ ఎక్స్‌పోర్ట్‌లో అయితే కార్డు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా కనపడదు.

పేరు రాస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయని కూడా కాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సీఎస్6లో రే ట్రేస్డ్ త్రీడీకి ఇలాంటిదే ఇంకో జాబితా ఉంది. 2014లో వచ్చిన మాక్స్‌వెల్ తరం కార్డులు, అంటే జీటీఎక్స్ 750 టీఐ, 970 లాంటివి, అందులో పేరు రాసినా ఆడలేదు. లోపలున్న ఆప్టిక్స్ లైబ్రరీకి ఆ తరం చిప్ భాషే తెలియదు. కాబట్టి మరీ కొత్త తరం కార్డు అయితే, ఊరికి పంపే ముందు స్నేహితుడి దగ్గరో షాపులోనో అదే సాఫ్ట్‌వేర్ మీద ఒకసారి నడిపి చూడటం మంచిది. ఏఎండీ కార్డు అయితే పంపకండి, విండోస్ మీద సీఎస్6 దాన్ని వాడుకోలేదు. బావ సిస్టమ్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే అదీ అడగండి. ఎన్విడియా 2021లోనే దానికి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు ఆపేసింది.

నన్నడిగితే జీటీఎక్స్ 1050 టీఐ తరహా కార్డు నయం. దాని కరెంటు వాడకం 75 వాట్లు. చాలా మోడళ్ళకి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, స్టూడియోలో ఉన్న పాత ఎస్‌ఎంపీఎస్సే సరిపోతుంది, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద భారం తక్కువ. వజ్రపుకొత్తూరు, బారువ లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి కార్డు అంచున ఉన్న బంగారు రంగు కాంటాక్టులు మసకబారతాయి. పెట్టే ముందు మెత్తని రబ్బరుతో తుడవమని చెప్పండి.

ఇంకొకటి, ఇది మీ చేతిలోనే ఉంది. ఊరికి వెళ్ళినప్పుడు మీ ఫోన్‌లో తీసిన భజన వీడియో బావకి పంపుతారు కదా. కొత్త ఫోన్లు హెచ్‌ఈవీసీలో తీస్తాయి, సీఎస్6 దాన్ని తెరవలేదు. తెరిచినా ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కాబట్టి కాసేపయ్యాక తాళం చప్పుడు ముందు, చేతులు కలవడం తర్వాత అవుతాయి. దీనికి ఏ కార్డూ మందు కాదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో హెచ్.264, కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చి, ఆ ఫైల్ పంపండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికివ్వండి.