పొగ ఎక్కడికి పోవును? గాలిలోని రసాయనిక చర్యలను కొలుచు విధము

హైదరాబాదు పాతనగరమున, చార్మినారుకు దక్షిణముగా, ఒక గుట్టపై ఫలక్‌నుమా ప్రాసాదము గలదు. 1884వ సంవత్సరములో సర్ వికారుల్ ఉమ్రా దీనికి పునాది వేయించెను. ‘ఫలక్’ అనగా ఆకాశము, ‘నుమా’ అనగా చూపునది. అంతటి ఎత్తున నిలిచి చూచువారికి నగరముతోపాటు దానిపై క్రమ్మిన పొగయు కనబడును. ఆ పొగ కొంత దూరము లేచి అదృశ్యమగును. కనబడనంత మాత్రమున అది నశించినదా? ఈ ప్రశ్న నగరమునకే పరిమితము కాదు. ఊరివెలుపల తగులబెట్టు చెత్తకును, పొలమున కాల్చు వరికొయ్యలకును ఇది వర్తించును. కావున పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరము.

పొగలోని పదార్థములు

కట్టెలు, గడ్డి, పెట్రోలు, డీజిలు కాలునపుడు కార్బొనైల్ సమ్మేళనములను వాయువులు కొన్ని పుట్టును. వీనిలో ఒక కర్బన పరమాణువు ఒక ప్రాణవాయు పరమాణువుతో జంటబంధముచే కలిసియుండును. పాఠశాల ప్రయోగశాలలో కప్పలను నిలువయుంచు ఫార్మలిన్ ద్రవములోని ఫార్మాల్డిహైడు, దానికి దగ్గరి బంధువగు ఎసిటాల్డిహైడు, గోళ్ళరంగును తుడుచుటకు వాడు ఎసిటోను ఈ కోవకు చెందినవే. పొగలో కన్నులు మండుటకు ఇట్టి వాయువులును ఒక కారణము.

గాలిని శుభ్రపరచు ప్రాతిపదిక

సూర్యకాంతి ఓజోనును విడగొట్టగా వెలువడు ప్రాణవాయు పరమాణువు నీటియావిరితో కలిసి హైడ్రాక్సిల్ అను స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టించును. జత కుదరని ఎలక్ట్రాను ఉండుటచే అది ఎదురుపడిన అణువునుండి ఉదజనిని లాగికొనును. దాని ఆయుస్సు సాధారణముగా ఒక సెకనైనను ఉండదు. ఒక ఘన సెంటీమీటరు గాలిలో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుండగా, హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు సగటున పది లక్షల ప్రాంతమున మాత్రమే ఉండును. అయినను గాలిలోని మాలిన్యములను పెక్కింటిని తొలగించునది ఇదియే.

కొలుచుట ఎట్లు?

ఒక చెరువును తలచుకొనుడు. తూములు మూసియున్నను నీరు కొంత ఇంకిపోవును. ఒక తూము ఎత్తినచో మట్టము త్వరగా తగ్గును; రెండెత్తినచో ఇంకను త్వరగా తగ్గును. ఒక్కొక్క తూమునకు ఎంత వేగము హెచ్చినదో చూచినచో, ఇంకుడుతో నిమిత్తము లేకుండ తూము సామర్థ్యము తెలియును. శాస్త్రజ్ఞుల పద్ధతియు ఇట్టిదే. ఒక పాత్రలో తెలిసిన పరిమాణమున ఎసిటాల్డిహైడును ఉంచి, లేజరు కాంతిని ఒక్క క్షణము ప్రసరింపజేసి ప్రాతిపదికలను పుట్టింతురు. మరియొక లేజరు కాంతి తగిలినప్పుడు మిగిలియున్న ప్రాతిపదికలు మెరయును. ఆ మెరుపు ఎంత వేగముగా తగ్గునో కొలిచి, ఎసిటాల్డిహైడు పరిమాణమును మార్చి మరల మరల కొలుతురు. కాంతితో చర్యను ఆరంభింపజేయు ఈ మార్గమును 1949 ప్రాంతమున నారిష్, పోర్టర్ అనువారు కనుగొనిరి. ఇందుకై వారు 1967లో ఐగెన్‌తోపాటు నోబెల్ బహుమానము పొందిరి.

కొలతలు తెలుపునది

ప్రాతిపదికలు పైన చెప్పిన సగటున ఉన్నచో, వానితో జరుగు చర్యవలన ఎసిటాల్డిహైడు సుమారు 18 గంటలు, ఫార్మాల్డిహైడు సుమారు 33 గంటలు, ఎసిటోను సుమారు రెండు నెలలు నిలుచును. పగటివేళ సూర్యకాంతియే నేరుగా ఫార్మాల్డిహైడును విడగొట్టి ఈ కాలమును తగ్గించును. గాలి గంటకు 10 కిలోమీటర్లు వీచినచో 18 గంటలలో 180 కిలోమీటర్లు పోవును. కావున ఒక ఊరి పొగ ఆ ఊరి పొలిమేరలో ఆగదు. నగరపు పొగ నగరములోనే నిలువదు.

అంతటితో ముగియలేదు. ఫార్మాల్డిహైడు విడిపోవునపుడు పుట్టు క్రొత్త ప్రాతిపదికలు వాహనముల పొగలోని నత్రజని ఆక్సైడులతో కలిసి, ఎండలో ఓజోనును పెంచును. ఆకాశమున ఎంతో ఎత్తున ఓజోను మనకు కవచము. నేలమట్టమున అది ఊపిరితిత్తులకును పైరుల ఆకులకును శత్రువు. లాస్ ఏంజలిస్ నగరమున కన్నులు మండించి పైరులను చెరచిన పొగమంచుకు మూలము ఇట్టి చర్యలేయని హాగెన్-స్మిట్ 1950వ దశకపు తొలినాళ్ళలో నిరూపించెను.

మన కర్తవ్యము

ఒకమారు గాలిలో కలిసిన పొగను ఏ పంచాయతీయు వెనుకకు తీసికొనజాలదు. నిప్పు పెట్టకుండ ఆపుట మాత్రము మన చేతిలోనిదే. తడిచెత్తను ఎరువుగుంటకు చేర్చుట, ప్లాస్టిక్కును వేరుపరచి పంపివేయుట, వరిగడ్డిని పశువులకు నిలువచేయుట, కొయ్యకాళ్ళను దున్ని నేలలో కలుపుట అసాధ్యములు కావు. రాబోవు గ్రామసభలో చెత్త కాల్చరాదను తీర్మానము చేసి, అది అమలగుచున్నదో లేదో నెలకొకసారి చూచినచో, ఊరిపైని ఆకాశము తేటపడును. మన పొలమునకే గాక పొరుగూరి పొలమునకును మేలు కలుగును.