దీపం ఆరిన చోటు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో సముద్రపు గాలి సోకదు. ఓడను కంటితో చూడకుండానే జీవితం గడిపినవారు ఈ సీమలో ఎందరో ఉన్నారు. అయినా ఓడలో పనిచేసే నావికుని ప్రాణాన్ని కాపాడే ఒక ముఖ్య నియమాన్ని ఇక్కడి రైతులు ఏనాడో ఎరిగి ఉన్నారు. దానిని వారికి నేర్పినది పాతర.

పూర్వం రాయలసీమ పల్లెలలో జొన్నలను భూమిలో తవ్విన గోతులలో నిలువ చేసేవారు. ఆ గోతికే పాతర అని పేరు. అడుగున, చుట్టూ గడ్డి పరచి, ధాన్యం నింపి, పైన మట్టితో మూసివేసేవారు. ధాన్యం కూడా శ్వాసిస్తుంది. కనుక మూసిన పాతరలో ప్రాణవాయువు క్రమంగా తరిగి, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఆ గాలిలో పురుగు బతకదు. అందువల్లనే గింజ చాలాకాలం చెడకుండా ఉంటుంది. మరి పురుగును బతకనీయని గాలి మనిషిని బతకనిస్తుందా? అందుకే పాతర తీసేనాడు మూత తొలగించి, చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపాన్ని తాడుతో లోపలికి దించి చూసేవారు. దీపం ఆరితే ఎవరూ దిగరాదు. ఇది ఏ గ్రంథంలోనూ రాయని శాసనం.

నేడు ఆంధ్రదేశపు బియ్యం కాకినాడ రేవులో ఓడలకెక్కి విదేశాలకు వెళుతున్నది. ధాన్యం నింపి మూసిన ఓడ గిడ్డంగి ఒక ఇనుప పాతర. బొగ్గు, కలప దుంగలు వంటి సరుకులు కూడా ప్రాణవాయువును హరిస్తాయి. పురుగు పట్టకుండా ధాన్యానికి పెట్టే మందు విషవాయువును వెలువరిస్తుంది. విచిత్రమేమంటే, ఏ సరుకూ లేని ఖాళీ తొట్టి కూడా ప్రమాదకరమే. ఓడ నిలకడ కోసం సముద్రజలం నింపే తొట్లలోను, లంగరు గొలుసు ఉంచే గదిలోను ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ప్రాణవాయువును గ్రహించడమే.

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం. అది 10 శాతం కంటె తగ్గితే మనిషి స్పృహ కోల్పోతాడు. 6 శాతానికి పడిపోతే నిమిషాలలో ప్రాణం పోతుంది. ఆ లోటుకు రంగు లేదు, వాసన లేదు. నిచ్చెన దిగిన నావికుడు ఉన్నట్టుండి కూలిపోతాడు. పైనున్న సహచరుడు అది చూచి, మనసు ఆగక, రక్షించబోయి తానూ దిగుతాడు. అతడూ లేవడు. ఇట్టి ప్రమాదాలలో మరణించినవారిలో రక్షించబోయినవారే చాలామంది. వారిలో లోపించినది ధైర్యం కాదు, ఒక్క క్షణపు నిగ్రహం.

అందువల్లనే నౌకాయాన నియమాలు ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగి 1500 మందికి పైగా మరణించారు. అందులో అందరికీ సరిపడే ప్రాణరక్షక పడవలు లేవు. ఆ విషాదం నుంచే 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. పలుమార్లు సవరణ పొందిన ఆ ఒప్పందం ప్రకారం 2015 జనవరి నుంచి, మూసిన గదులలో ప్రవేశించే, రక్షించే విధానాన్ని సిబ్బంది రెండు నెలలకొకసారి అభ్యసించాలి. 2016 జూలై నుంచి గాలిని పరీక్షించే పరికరాన్ని ఓడలో ఉంచడం తప్పనిసరి అయింది. పాతరలోని దీపం ఇక్కడ పనికిరాదు. చమురు ఆవిరులుంటే అదే నిప్పుకు కారణమవుతుంది. మొదట గాలి ఆడనివ్వాలి. పరికరంతో పరీక్షించాలి. అధికారి లిఖితపూర్వకంగా అనుమతించాలి. ద్వారం వద్ద ఒకరు కాపలా ఉండాలి. లోపలివారు పడిపోతే ఆ కాపలాదారు హెచ్చరిక మోగించాలే గాని దిగరాదు. శ్వాస పరికరాలు ధరించిన బృందమే దిగాలి.

నియమం కాగితంపై ఉంటే చాలదు. దానిని పాటించే మనిషికి తెలివి, ఓపిక ఉండాలి. 2006లో ఆమోదం పొందిన నావిక శ్రామిక ఒప్పందాన్ని భారతదేశం 2015లో స్వీకరించింది. దాని ప్రకారం నావికునికి ఇరవైనాలుగు గంటలలో కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలి. ఐదుగురు, అంతకు మించిన సిబ్బంది గల ఓడలో భద్రతా సంఘం ఉండాలి. అలసిన కన్ను ప్రమాదాన్ని చూడలేదు. భయపడిన నోరు దానిని చెప్పలేదు.

గాలి వల్ల కలిగే కీడు ఓడకే పరిమితం కాదు. శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో ఉలి తాకిడికి, కోత యంత్రాల ఒరిపిడికి లేచే సన్నని రాతిపొడి కూడా అటువంటిదే. ఇసుక జాతి ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వ్యాధి వస్తుంది. దానిని నయం చేసే మందు లేదు. రాతిని తడిపి కోయడం, తగిన ముసుగు ధరించడం వంటి జాగ్రత్తలే రక్ష. ఓడలో గాలి క్షణాలలో చంపితే, ఇక్కడ ధూళి సంవత్సరాలలో చంపుతుంది.

విద్యార్థులారా! మీలో అందరూ నావికులు కాకపోవచ్చు. కాని పాడుబడిన బావిలోనో, మురుగు తొట్టిలోనో ఎవరైనా పడిపోయిన వేళ మీరు ఆ గట్టున నిలబడి ఉండవచ్చు. అప్పుడు వెంటనే దూకాలనిపిస్తుంది. ఆగండి. పదిమందిని కేకవేయండి, అగ్నిమాపక దళాన్ని పిలవండి. దీపం ఆరిన చోటికి దిగకపోవడం పిరికితనం కాదు. ఒక మరణాన్ని రెండు కానీయని వివేకం.

ప్రశ్నలు

1. పాతరకు, ఓడ గిడ్డంగికి గల పోలికలను వివరించండి.
2. ఖాళీగా ఉన్న ఇనుప తొట్టి ఎందువల్ల ప్రమాదకరం?
3. ‘వారిలో లోపించినది ధైర్యం కాదు, ఒక్క క్షణపు నిగ్రహం’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.